కబయాన్ కర్ర లెక్కకు ఎక్కింది, మన కర్ర అటక ఎక్కింది

జుబైల్‌లో మా క్యాంపు వెనకాల, వాటర్ ట్యాంకుకూ మెస్సుకూ మధ్య కొంచెం ఖాళీ జాగా ఉంది. శుక్రవారం అసర్ నమాజు అయ్యాక అక్కడ నీడ పడుతుంది. అప్పుడు టక్ టక్, టక్ టక్ అని చప్పుడు మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు షట్టరింగ్ కార్పెంటర్లు ఓవర్‌టైం చేస్తున్నారేమో అనుకున్నాను. వెళ్ళి చూస్తే ఆరుగురు ఫిలిప్పీన్స్ వాళ్ళు, మనం కబయాన్లు అని పిలిచేవాళ్ళు, జతలు జతలుగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో మూరెడున్నర కర్ర. ఒకడు నోటితో అంకెలు చెప్తున్నాడు. ఆ అంకెను బట్టి దెబ్బ పడుతోంది, ఎదుటివాడి కర్ర దాన్ని ఆపుతోంది.

మనోళ్ళు నలుగురైదుగురు గోడ పక్కన నిలబడి నవ్వుతున్నారు. ‘చిన్నపిల్లల కోలాటం లెక్క ఉంది’ అన్నాడొకడు. నవ్వనివాడు ఒక్కడే. మా రూములో ఉండే పెద్ద మేస్త్రీ. జగిత్యాల దిక్కు మనిషి, గల్ఫ్‌కు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, మేమంతా కాకా అంటాం. ఆయన చాలాసేపు చూసి నాతో మెల్లగా అన్నాడు: ‘తమ్మీ, ఇది ఆట కాదు. ఇది సాము. మా ఉస్తాద్ గిట్లనే నేర్పిండు. గని మా కర్ర మనిషెత్తు ఉంటుండె.’

నాలుగేళ్ళుగా ఒకే రూములో పడుకుంటున్నాం. ఆయనకు కర్రసాము వచ్చని ఆ రోజు వరకు నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

వాళ్ళది ఏమిటి?

కబయాన్ల విద్యకు మూడు పేర్లున్నాయి. ఆర్నిస్, ఎస్క్రిమా, కాలి. మొదటి రెండు పేర్లూ స్పానిష్ మాటల నుంచి వచ్చినవే. ఎస్క్రిమా అంటే కత్తిసాము అనే అర్థం వచ్చే మాట. మూడు వందల ఏళ్ళకు పైగా స్పెయిన్ వాళ్ళ కింద ఉన్న దేశం కాబట్టి పేర్లు అలా మిగిలాయి. విద్య మాత్రం వాళ్ళ ఊళ్ళదే.

కర్ర సాధారణంగా 28 అంగుళాలు, బొటనవేలు కంటే కొంచెం లావు. పేము కర్ర వాడతారు. ఎందుకంటే పేము దెబ్బకు చీలి ముక్కలై ఎగరదు, పీచు పీచుగా లేస్తుంది. తేలిక కూడా. మామూలుగా కరాటే లాంటి విద్యల్లో ముందు ఉత్తచేతులు, తర్వాత ఆయుధం. వీళ్ళది తలకిందులు. మొదటి రోజే చేతికి కర్ర ఇస్తారు. కర్రతో నేర్చుకున్న కదలికే తర్వాత ఉత్తచేతికి పనికొస్తుందని వాళ్ళ లెక్క.

లెక్క అని ఊరికే అనలేదు. దెబ్బలకు నంబర్లున్నాయి. చాలా పద్ధతుల్లో పన్నెండు. బాగా వాడుకలో ఉన్న ఒక వరసలో ఒకటి ఎదుటివాడి ఎడమ కణత మీదికి, రెండు కుడి కణత మీదికి, మూడు నాలుగు భుజాల కిందికి, అయిదు కడుపులోకి పోటు, ఎనిమిది తొమ్మిది మోకాళ్ళకు, పన్నెండు నడినెత్తికి. ఒక్కో బడిలో వరస కొంచెం మారుతుంది. కానీ లెక్క లేని బడి ఉండదు. ఇదే వాళ్ళ గొప్ప అని నాకు అనిపిస్తుంది. గురువు పది మీటర్ల దూరం నుంచి ‘ఏడు’ అంటే యాభై మంది ఒకేసారి ఏడో దెబ్బ వేస్తారు. బార్ బెండింగ్ షెడ్యూలులో షేప్ కోడ్ చెప్తే ఏ దేశం స్టీల్ ఫిక్సరైనా అదే వంపు వంచినట్టు.

ఇద్దరు చెరి రెండు కర్రలు పట్టుకుని ఆడేదాన్ని సినవాలి అంటారు. వెదురు బద్దలతో అల్లి ఇంటి గోడలకు కట్టే దాన్ని వాళ్ళు సవాలి అంటారు, అచ్చం మన తడిక. కర్రలు తడిక అల్లినట్టు ఒకదానిలోంచి ఒకటి పోతాయి కాబట్టి ఆ పేరు. చూడడానికి కోలాటంలాగే ఉంటుంది. మనోళ్ళు నవ్వింది అందుకే. కానీ కోలాటంలో పాట కోసం కర్ర తగులుతుంది. ఇక్కడ ఒక్క క్షణం కన్ను పక్కకు పోతే కర్ర వేళ్ళకు తగులుతుంది.

మా కబయాన్ ఫోర్‌మన్ నాకు చూపించిన ఒక కిటుకు చెప్తాను. ఎదుటివాడు కత్తితో వస్తే వాడి తల కోసం, ఛాతీ కోసం పోవద్దంటాడు. కత్తి పట్టిన చేతిని కొట్టు, అంతే. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు పాము కోరలు పీకడం. పామును చంపక్కర్లేదు, కోర పోతే చాలు. కర్ర పట్టినవాడి చేతి నుంచి ఇంత శాంతమైన మాట వస్తుందని నేను అనుకోలేదు.

మూల నుంచి చట్టం దాకా

ఇప్పుడు అసలు సంగతి. ఈ విద్య మొదటి నుంచీ ఇట్లా లేదు. ఒకప్పుడు ఇదీ మన కర్రసాము లాంటిదే. తండ్రి కొడుక్కు, మామ అల్లుడికి చాటుగా చెప్పేది. ఒక ఊరి ఆటగాడు ఇంకో ఊరి ఆటగాణ్ణి సవాలు చేసి ఉత్త కర్రలతో కొట్టుకునేవారు. తలలు పగిలేవి.

1932లో సెబూ నగరంలో కొందరు ఆటగాళ్ళు కలిసి డోసే పారెస్ అనే సంఘం పెట్టుకున్నారు. అందులో కన్యేటే అన్నదమ్ముల కుటుంబం పెద్ద పేరు. అంతవరకు ఎవరి దగ్గర వాళ్ళు దాచుకున్న విద్యలు ఒక కప్పు కిందికి వచ్చాయి. అందులోంచి విడిపోయిన వెనాన్సియో బేకన్ 1950లలో బలింతవాక్ అనే వీధి పేరుతో ఇంకో బడి పెట్టాడు. పోట్లాడుకుని విడిపోయినా, బడి మాత్రం పెట్టుకున్నారు చూడండి.

ఆ తర్వాత రెమీ ప్రెసాస్ అనే ఆయన వచ్చాడు. 1936లో పుట్టి 2001లో పోయాడు. ఆయన చేసిన మార్పు వినడానికి చాలా చిన్నది. పాత పద్ధతిలో సాధనలోనే ఎదుటివాడి చేతిని కొట్టేవారు. వేళ్ళు వాచి, ఎముకలు విరిగి పిల్లలు మానేసేవారు. ఈయన, సాధనలో చేతిని కాదు కర్రను కొట్టండి అన్నాడు. కర్రకు కర్ర. అంతే. దెబ్బలు తగ్గాయి, నేర్చుకునేవాళ్ళు పెరిగారు, స్కూళ్ళు తలుపులు తెరిచాయి. ఆయన పద్ధతికి మోడర్న్ ఆర్నిస్ అని పేరు. అమెరికాలో, జర్మనీలో కూడా క్లాసులు పెట్టారు.

2009 డిసెంబరు 11న ఫిలిప్పీన్స్ అధ్యక్షురాలు గ్లోరియా అరోయో సంతకంతో 9850 నంబరు చట్టం వచ్చింది. ఆర్నిస్ ఆ దేశపు జాతీయ యుద్ధవిద్య, జాతీయ క్రీడ అయింది. స్కూలు పిల్లల జాతీయ పోటీల్లో దానికి ముందు వరసలో చోటు ఇవ్వాలని ఆ చట్టంలోనే రాశారు. ఆగ్నేయాసియా క్రీడల్లో 2005లో, మళ్ళీ 2019లో ఆర్నిస్ పోటీలు జరిగాయి. 2019లో ఉన్న 20 బంగారు పతకాల్లో 14 ఫిలిప్పీన్స్ వాళ్ళే తీసుకున్నారు. అంటే మిగతా 6 వేరే దేశాలకు పోయాయి. ఇది కూడా గొప్పే. తమ విద్యను పక్క దేశం వాడు నేర్చుకుని తమనే ఓడించేలా నేర్పారన్నమాట.

మా క్యాంపులో కబయాన్‌కు ఈ చట్టం నంబరు నోటికి వచ్చు. పైప్ ఫిట్టర్ అతను, లాయరు కాదు.

మనది ఏమైంది?

ఆ రాత్రి కాకా దగ్గర కూర్చుని అడిగాను. వాళ్ళ ఊళ్ళో తాలింఖానా ఉండేదట. మట్టి గోడల కొట్టం, నేల మీద ఎర్రమన్ను. ఉస్తాద్ ముస్లిం, నేర్చుకునేవాళ్ళలో అన్ని కులాల పిల్లలూ ఉండేవారు. పీర్ల పండుగకు అలావా చుట్టూ, దసరాకు జమ్మిచెట్టు దగ్గర అదే జట్టు కర్ర తిప్పేది. ముందు నేలకు దండం, తర్వాత ఉస్తాద్‌కు దండం, ఆ తర్వాతే కర్ర ముట్టాలి. మొదటి నెల కర్ర ఇవ్వలేదట. మట్టిలో గీసిన గుండ్రం మీద అడుగులు మాత్రమే. తర్వాత కుడి పక్క తిప్పడం, ఎడమ పక్క, నెత్తి మీద, వెనక నుంచి. చివరికి చుట్టూ నలుగురు చిన్న రాళ్ళు విసిరితే కర్ర తిప్పి ఆపాలి.

‘మరి ఎందుకు ఆగింది కాకా?’ అన్నాను.

‘ఆగుడేంది తమ్మీ, ఉస్తాద్ సచ్చిపోయిండు. నేర్సుకున్నోళ్ళం తొమ్మిదిమందిమి. ఇద్దరు బొంబాయి, నలుగురం దుబాయి, సౌదీ. ఊళ్ళె ఎవలున్నరు నేర్పెతందుకు?’

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. మనం ఎప్పుడూ అంటుంటాం, టీవీ వచ్చి పాడుచేసింది, సెల్‌ఫోన్ వచ్చి పాడుచేసింది అని. మన తెలంగాణ ఊళ్ళలో ఒక కారణం మనమే. నేర్పాల్సిన వయసువాడూ గల్ఫ్‌లోనే, నేర్చుకోవాల్సిన వయసువాడూ గల్ఫ్‌లోనే. ఊళ్ళో మిగిలింది కొట్టం. ఇప్పుడు అదీ లేదు, ఆ జాగాలో వాటర్ ప్లాంటు ఉందట.

ఆంధ్ర దిక్కు కూడా ఈ విద్య ఉంది. విజయనగరం వైపు గరిడీలంటారు. కోడి రామ్మూర్తి గారి లాంటి మల్లయోధుణ్ణి ఇచ్చిన నేల అది. అయినా కర్ర పేరు చెప్తే పేపర్లో ఏటా వచ్చే వార్త ఒక్కటే, దేవరగట్టు. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం. ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళు రెండు పక్షాలై కర్రలతో తలపడతాయి. పోలీసులు ముందే ఊళ్ళు తిరిగి నచ్చజెప్తారు, కర్రలు పట్టుకుంటారు, పక్కనే వైద్యశిబిరం పెడతారు. అయినా ఏటా తలలు పగులుతూనే ఉన్నాయి. ప్రాణాలు పోయిన ఏళ్ళూ ఉన్నాయి. అది ఆ భక్తుల మొక్కు, ఆచారం. దూరం నుంచి తీర్పు చెప్పే పెద్దవాణ్ణి కాదు నేను. కానీ కాకా ఒక మాటన్నాడు: ‘సాము నేర్సినోడు తల పగులగొట్టడు తమ్మీ, ఆపుతడు.’ కర్రసాము అంటే తలలు పగలడమే అని మన పిల్లలు అనుకుంటే తప్పు పిల్లలది కాదు. ఇంకోటి వాళ్ళకు చూపించలేదు మనం.

మన దేశంలోనే ఇతరులు మేల్కొన్నారు. 2022 జూన్‌లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో పంజాబ్ వాళ్ళ గత్కా, మణిపూర్ వాళ్ళ తంగ్-తా, కేరళ కలరిపయట్టు చేరాయి. 2024 జనవరిలో తమిళనాడులో జరిగినప్పుడు వాళ్ళ సిలంబం ప్రదర్శన క్రీడగా వచ్చింది. గత్కాలో ఉన్నదీ కర్రే, సిలంబంలో ఉన్నదీ కర్రే. మన కర్రసాము పేరు ఆ వరసలో కనిపించలేదు. మన దగ్గర గురువులు లేక కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఓపికగా ఆడపిల్లలకు, మగపిల్లలకు నేర్పుతున్నవాళ్ళు ఉన్నారు. ఒక ఊరి అడుగుకు ఇంకో ఊళ్ళో పేరు లేదు, ఒక ఉస్తాద్ దెబ్బకు ఇంకో ఉస్తాద్ దగ్గర నంబరు లేదు. కొలత లేని డ్రాయింగుతో బిల్డింగు కట్టలేం. నియమం లేని ఆటకు పోటీ పెట్టలేం.

ఇక్కడ మనం ఏం చేయగలం?

ఈ మాట అంటే నాకు వచ్చే జవాబులు తెలుసు. రూములో చాలామంది మొహం మీదే అన్నారు.

‘పది గంటలు డ్యూటీ, రెండు గంటలు బస్సు, మళ్ళీ కర్ర తిప్పాలా?’ నిజమే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించొద్దని ఇక్కడి ప్రభుత్వమే రూలు పెట్టింది, అంత ఎండ. ఎండాకాలంలో వద్దు. చలికాలంలో, శుక్రవారం సాయంత్రం అరగంట చాలు. కబయాన్లకు డ్యూటీ తక్కువేం లేదు, మనతోపాటు అదే బస్సు దిగుతారు. శుక్రవారం మనం ఏం చేస్తున్నామో మనకు తెలుసు. మధ్యాహ్నం దాకా నిద్ర, తర్వాత పత్తాలు, ఫోను, అప్పుల లెక్క. కొందరు సిద్దికి జోలికి పోయి జైలు పాలవుతున్నారు. రాత్రి మంచిగా మాట్లాడి పడుకున్నవాడు పొద్దుగాల లేవలేదన్న కబురు వినని క్యాంపు ఉందా? కర్ర తిప్పితే గుండెపోటు రాదని నేను చెప్పను. ఆ అరగంట మనిషి మంచం మీద ఒంటరిగా ఉండడని మాత్రం చెప్పగలను.

‘కర్రలు పట్టుకుంటే పోలీసు కేసు అవుతుంది.’ ఈ భయం సరైనదే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నేను అంతకుముందు పనిచేసిన ఒక క్యాంపులో క్రికెట్ దగ్గర మాటా మాటా పెరిగి రాడ్లు లేచాయి. నలుగురు ఉద్యోగాలు పోగొట్టుకుని ఇంటికి పోయారు. వాళ్ళలో ఒకడి అప్పు ఇంకా తీరలేదు. వాళ్ళెవరికీ సాము రాదు. అందుకే కచ్చితంగా చెప్తున్నాను: రోడ్డు మీద, పార్కులో, సముద్రం ఒడ్డున ఒక్క కర్ర కూడా కనబడొద్దు. క్యాంపు బాస్ అనుమతి తీసుకుని, క్యాంపు గోడల లోపలే. అనుమతి ఇవ్వకపోతే మానేయాలి. అడుగులు నేర్చుకోవడానికి కర్ర అక్కర్లేదు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

‘ఈ దేశంలో ఇవన్నీ నచ్చవు.’ ఇది మాత్రం తప్పు. ఈ దేశానికే కర్ర ఆట ఉంది. జెద్దా, మక్కా వైపు హిజాజ్ ప్రాంతంలో పెళ్ళిళ్ళకు, పండుగలకు మిజ్మార్ ఆడతారు. తెల్లటి తోబ్‌లు వేసుకుని రెండు వరసలు ఎదురెదురుగా నిలబడతారు, డప్పు మోగుతుంది, ఇద్దరిద్దరు మధ్యలోకి వచ్చి కర్రలు గిర్రున తిప్పి మళ్ళీ వరసలో కలుస్తారు. 2016లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. అంతకు ముందు ఏడాది 2015లో నజ్ద్ ప్రాంతపు కత్తుల నాట్యం అర్దాకు ఆ గౌరవం వచ్చింది. మన సైట్లలో ఉండే మస్రీలను అడగండి, వాళ్ళ తహ్తీబ్ కూడా 2016లోనే ఆ జాబితాలో చేరింది. పొడుగు కర్రలతో ఇద్దరు ఆడతారు కానీ దెబ్బ తగలకూడదు, అదే అందులో నియమం. వేల ఏళ్ళ కిందట యుద్ధవిద్య, ఈనాడు పెళ్ళిలో మర్యాద. మస్రీ పొడుగు కర్ర చూసి మా కాకా కళ్ళు మెరిశాయి. ‘గిది మనదే’ అన్నాడు.

మా క్యాంపులో ఏం చేశామో చెప్తాను, నచ్చితే మీరూ చేయండి. పేము కర్రలు కొనలేదు. అరంగుళం పీవీసీ పైపు తుక్కు, దాని మీద ఏసీ పైపులకు తొడిగే నల్లటి ఇన్సులేషన్ ట్యూబు, రెండు చివరలా టేపు. స్టోరు కీపరును అడిగే తీసుకున్నాం, దొంగతనంగా కాదు. తలకు హెల్మెట్, కళ్ళకు సేఫ్టీ గాగుల్స్, చేతికి గ్లౌజులు, అన్నీ ఉన్నవే. నియమాలు నాలుగు. కర్రను కర్రతోనే కొట్టాలి. పందెం వద్దు. ఊరుకు ఊరు, జిల్లాకు జిల్లా జట్లు కట్టొద్దు. కోపంతో వచ్చినవాడు ఆ వారం పక్కన కూర్చోవాలి. కబయాన్ ఫోర్‌మన్ మొదటి మూడు వారాలు ఫీజు లేకుండా నేర్పాడు. మనవాళ్ళు ఎంతమంది? ముందు ఇద్దరం, ఇప్పుడు ఏడుగురం. ఇరవై మంది అయ్యారని రాస్తే బాగుండేది కానీ అబద్ధం అవుతుంది.

తర్వాత ఒక శుక్రవారం కాకా కర్ర పట్టాడు. ఆరడుగుల పైపు. మోకాలి నొప్పి మనిషి, మెట్లు ఎక్కితే ఆగి ఆగి ఎక్కుతాడు. కర్ర తిరగడం మొదలయ్యాక ఆ మోకాలు ఎక్కడ పోయిందో! కబయాన్లు తమ ఆట ఆపి చుట్టూ చేరారు. అయ్యాక ఫోర్‌మన్ వచ్చి కాకాకు వంగి దండం పెట్టి, ‘ఈ కదలికను మీ భాషలో ఏమంటారు?’ అని నన్ను అడిగాడు. నేను కాకాను అడిగాను. కాకా కాసేపు ఆలోచించి, ‘పేరేముంటది, తిప్పుడు’ అన్నాడు.

అక్కడే ఉంది మన లోటు. ఆ రోజు నుంచి పేర్లు పెట్టే పని మొదలుపెట్టాం. కాకా చేసి చూపిస్తాడు, ఒకడు ఫోనులో వీడియో తీస్తాడు, నేను డ్రాయింగు షీటు వెనక అడుగుల గుర్తులు గీసి నంబరు వేస్తాను. డిప్లొమాలో నేర్చుకున్న డ్రాయింగు ఇలా పనికొస్తుందని మా పాలిటెక్నిక్ సారు కూడా అనుకుని ఉండడు. ఇంతవరకు పద్నాలుగు కదలికలు అయ్యాయి. కాకా లెక్క ప్రకారం ఇంకా ఇరవై దాకా ఉంటాయి. కొన్ని మరిచిపోయాడు, సగంలో ఆగి తల గోక్కుంటాడు. అవి మళ్ళీ రావు.

మన తెలుగు సంఘాల పెద్దలకు ఒక మనవి. ఉగాదికి, దసరాకు అనుమతి ఉన్న చోట హాలు తీసుకుని సినిమా పాటలకు డాన్సులు పెడుతున్నారు, మంచిదే. ఒక పదిహేను నిమిషాలు కర్రకు ఇవ్వండి. మీ దగ్గరి క్యాంపుల్లో అడగండి, ఏ మూల రూములోనో ఒక కాకా ఉంటాడు. మేస్త్రీయో, డ్రైవరో, బలదియాలో ఊడ్చే మనిషో. ఆయన తనంతట తాను చెప్పడు. అక్కడ మన రెండు ప్రభుత్వాలకూ ఒక మాట. స్టేడియం అడగడం లేదు. జిల్లాకు ఇద్దరు ముగ్గురు ఉస్తాద్‌లను పిలిచి, కూర్చోబెట్టి, అడుగులకూ దెబ్బలకూ ఒక వరస రాయించండి. ఖేలో ఇండియాకు పోయే దారి అక్కడి నుంచి మొదలవుతుంది. 1932లో సెబూ వాళ్ళు చేసింది ఇంతే.

కాకాకు ఎగ్జిట్ కొట్టారు. వచ్చే నెల చివర్లో టికెట్టు. అంటే మాకు ఇంకా ఆరు శుక్రవారాలు ఉన్నాయి. ఊరికి పోయాక ఏం చేస్తావు కాకా అంటే, మనవడికి పదేళ్ళు, వాడికి అడుగులు నేర్పుతా అంటున్నాడు. పోతూ పోతూ నా డ్రాయింగు షీట్ల జిరాక్సు ఒకటి పెట్టెలో పెట్టమన్నాడు. ‘నంబర్లు ఏసినవు గదా తమ్మీ, మరిస్తే సూసుకుంటా.’